పిలుస్తానమ్మ

పిలుస్తానమ్మ అన్నది ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆపరేషన్ వార్డులో ఓ పొద్దున పుట్టి, మధ్యాహ్నానికి ఆసుపత్రి వంటగదికీ, సాయంత్రానికి మందుల కౌంటరుకీ పాకిపోయిన పేరు. ఇరవయ్యేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి తెచ్చుకున్న మంచిపేరేమో ఆ వార్డు గుమ్మం దాటి ఎన్నడూ వెళ్ళలేదు. ఈ వెక్కిరింపు పేరుకి మాత్రం ఎక్కడలేని కాళ్ళూ వచ్చాయి. లోకం తీరే అంత, ఏం చేస్తాం.

ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు అక్కడ ఎవరు ఏమిటో తెలియాలి. ఆ ఆసుపత్రిలో డిగ్రీ చదివి రిజిస్టరైన నర్సుల్ని పెద్ద సిస్టర్లంటారు. చిన్న శిక్షణతో చేరిన ప్రాక్టికల్ నర్సుల్ని చిన్న సిస్టర్లంటారు. వయసుతో నిమిత్తం లేదు. నిన్నగాక మొన్న కాలేజీలోంచి ఊడిపడ్డ పిల్ల పెద్ద సిస్టర్. తలకి రంగేసుకునే వయసొచ్చిన మన మనిషి చిన్న సిస్టర్. చిన్న సిస్టర్ ఒళ్ళు తుడుస్తుంది, పక్క మారుస్తుంది, కట్టు విప్పి కడుతుంది, బీపీ చూస్తుంది, వాంతి పడుతుంది, ఏడిస్తే వీపు నిమురుతుంది. రోగిలో ఏదైనా తేడా కనబడితే మాత్రం గుమ్మంలోకి వెళ్ళి "సిస్టర్!" అని కేకెయ్యాలి. ఆ పైన ఏం చెయ్యాలో ఆలోచించడం పెద్ద సిస్టర్ పని. చూడు, చెయ్యి, పిలువు. శిక్షణ బడి గోడ మీద ఇంత లావు అక్షరాలతో రాసి ఉండే పాఠం అది. ఆలోచించు అన్న మాట ఆ గోడ మీద ఎక్కడా లేదు.

కొత్తలో ఒక్కసారి ఆమె ఆ గీత దాటింది. ఒక ముసలాయనకి డ్రిప్ పెట్టిన చెయ్యి ఉబ్బిపోతోంది. సూది నరంలోంచి జారిపోయి, నీళ్ళన్నీ కండలోకి దిగుతున్నాయి. ఆయన నొప్పితో మూలుగుతుంటే ఈవిడ చెయ్యి చాచి డ్రిప్ గొట్టం మీది చక్రం తిప్పి ఆపేసింది. అంతే చేసింది. అప్పట్లో ఆ వార్డులో కొత్తగా చేరిన ఒక పెద్ద సిస్టర్ అది చూసి ఒంటికాలి మీద లేచింది. "నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అని వార్డంతా వినేలా కేకలేసింది. రోగులు, వాళ్ళ చుట్టాలు, చీపురు పట్టుకున్న ఆయమ్మ, అందరూ చూస్తుండగా. ఆపడం తప్పా ఒప్పా అన్నది ఎవరూ అడగలేదు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఆమె చేతులు మంచం దగ్గరే ఆగిపోయేవి, కాళ్ళు మాత్రం గుమ్మం వైపు పరిగెత్తేవి.

ఆ కేకలేసిన మనిషే ఇప్పుడు వార్డుకి ఇన్‌ఛార్జి. పెద్ద సిస్టర్లు ఎంతమంది ఉన్నా, ఇన్‌ఛార్జమ్మ అంటే ఈవిడ ఒక్కతే.

పనిలో ఉన్న ప్రాక్టికల్ నర్సులు ఉద్యోగం మానకుండా డిగ్రీ చదువుకోవచ్చని కాలేజీ వాళ్ళు ప్రకటించినప్పుడు, నోటీసు బోర్డు దగ్గర ఆ కాగితం చదివి చాలామంది నిట్టూర్చి వెళ్ళిపోయారు. ఈమె మాత్రం దరఖాస్తు పెట్టేసి ఆ తర్వాత ఇంట్లో చెప్పింది. ఇంట్లో భర్త, అత్తగారు. భర్త సిటీ బస్సు నడుపుతాడు. రోజంతా జనం అరుపులు విని వస్తాడు కాబట్టి ఇంట్లో గొంతెత్తడు. "చదువుకుంటానంటే చదువుకో" అన్నాడు. అత్తగారు మాత్రం మంచం మీద మోకాలికి సాగే కట్టుగుడ్డ చుట్టుకుంటూ, "నీకిప్పుడు చదువేంటే? కూతురికి పెళ్ళి చేసి పంపి నువ్వు పలక పట్టుకుంటావా?" అంది. "పలక కాదత్తయ్యా, డిగ్రీ" అంది కోడలు. "ఏదో ఒకటి. వంట ఎవరు చేస్తారు?" "మీ అబ్బాయికి చేతులున్నాయిగా." అత్తగారు కట్టుగుడ్డ ఇంకో చుట్టు బిగించింది.

ఇన్‌ఛార్జమ్మ ఇంకో రకంగా చెప్పింది. గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది. అదే మొదటిసారి కుర్చీ చూపించడం. "నువ్వు నా కుడి చెయ్యివి. నువ్వు వెళ్ళి పుస్తకాలు ముందేసుకు కూర్చుంటే ఈ పక్కలన్నీ ఎవరు మారుస్తారు? నీ పనికేం తక్కువ చెప్పు?" అంది.

"తక్కువని కాదు సిస్టర్. మీ కుడి చేతికి ఒక తలకాయ కూడా ఉంది. దానికి పని లేక పాడైపోతోంది."

ఆ మాట అనేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇన్‌ఛార్జమ్మ ముఖం మాడ్చుకుంది.

చదువు మొదలైంది. క్లాసులో పక్కన కూర్చునేవాళ్ళంతా కూతురి ఈడు పిల్లలు, "ఆంటీ" అని పిలిచేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత వాళ్ళకి రోగి నొప్పి పడకుండా పక్కకి ఎలా తిప్పాలో ఈమె చూపించింది. ఈమెకి మందుల మోతాదుల లెక్కలు వాళ్ళు నేర్పారు. పుస్తకం ముక్కు కింద పెట్టుకుని బస్సులో, అన్నం దగ్గర, రోగి భోజనం చేసేదాకా కూర్చోవాల్సిన స్టూలు మీద చదివింది. రాత పరీక్షలన్నీ గట్టెక్కింది. మిగిలింది ఒక్క గండం. బొమ్మ పరీక్ష.

కాలేజీలో ఒక గదిని అచ్చం వార్డు గదిలా అమర్చారు. మంచం, ఆక్సిజన్, ఫోను, మంచం మీద ముక్కు చివర పెచ్చు ఊడిన ప్లాస్టిక్ బొమ్మ. గోడ వారగా కుర్చీలో పరీక్ష చేసే మేడమ్ కూర్చుని మీటలు నొక్కుతుంటే, బొమ్మ నాడీ, బీపీ తెర మీద మారుతుంటాయి. బొమ్మ మాటలు కూడా మేడమే చెబుతుంది. చేతికిచ్చిన కార్డులో రెండే వాక్యాలు. నిన్న కడుపు ఆపరేషన్ అయిన మనిషి. ఈ పూట రిజిస్టర్డ్ నర్సు మీరు.

ఆమె చదివింది. చదివి మంచం దగ్గరికి వెళ్ళింది. "ఎలా ఉంది బాబూ?" అని బొమ్మని పలకరించింది. నాడి పట్టుకుంది, బీపీ చూసింది, దుప్పటి ఎత్తి కట్టు చూసింది. నాడి పరుగెడుతోంది, బీపీ పడిపోతోంది, కట్టు కింద ఎర్రగా తడి. లోపల నెత్తురు పోతోందని ఆమెకి తెలిసిపోయింది. ఏం చెయ్యాలో పుస్తకంలో వరసగా చదివింది, అప్పజెప్పమంటే అప్పజెప్పగలదు. కానీ చేతులు మంచం దగ్గర ఆగిపోయాయి. కాళ్ళు కదిలాయి. గబగబా తలుపు తీసుకుని బయటికి నడిచి, వరండాలో నిలబడి, "సిస్టర్!" అని గట్టిగా కేకేసింది.

వరండాలో తమ వంతు కోసం కూర్చున్న పిల్లలందరూ తలెత్తి చూశారు. ఎవరూ రాలేదు. ఎవరొస్తారు?

"ఎవర్ని పిలుస్తున్నారు?" లోపల్నుంచి మేడమ్ అడిగింది.

"సిస్టర్ని మేడమ్."

"కార్డు మళ్ళీ చదవండి."

చదివింది. ఈ పూట రిజిస్టర్డ్ నర్సు మీరు. తెర మీద గీత అప్పటికే అడ్డంగా సాగిపోయింది.  

మేడమ్ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. "పోతున్న రోగిని ఒంటరిగా వదిలి గది దాటారు. ఇంక దేనికీ మార్కులు లేవు" అంది. కార్డు వెనక్కి తీసుకుంటూ, "మీ చేతుల్లో లోపం లేదు. మీ కాళ్ళే ఇంకా ఆ వార్డులో ఉన్నాయి. ఇంకొక్క అవకాశం ఉంది. అది కూడా పోతే సీటు పోతుంది" అంది.

వరండాలో చూసిన పిల్లల్లో ఒకతె నవ్వాపుకోలేక ఇంకొకతెకి చెప్పింది. ఆ ఇంకొకతె మర్నాడు ఈ వార్డుకే శిక్షణకి వచ్చింది. ఇక చెప్పేదేముంది. "ఏ నర్సుని పిలిచావమ్మా, నిన్ను నువ్వేనా?" అని వార్డు బాయ్ పగలబడి నవ్వాడు. ఏమొచ్చినా 'సిస్టర్ని పిలుస్తాను' అని పరిగెత్తే మనిషి కాబట్టి, సాయంత్రానికి పిలుస్తానమ్మ అన్న పేరు ఖాయమైపోయింది. ఎవరికి సెలైన్ అయిపోయినా, "పిలుస్తానమ్మా, ఎవర్నైనా పిలువమ్మా" అనడం ఒక సరదా అయింది. ఇన్‌ఛార్జమ్మ నవ్వలేదు కానీ, జాలిగా చూసింది. ఆ చూపు నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది. "చెప్పానుగా" అన్న మాట ఆవిడ నోటితో అనక్కర్లేదు, కళ్ళజోడు సర్దుకోవడంలోనే వినబడింది.

ఆ రోజు ఇంటికొచ్చి పుస్తకాలన్నీ బీరువా మీదికి తోసేసింది. "పోనీలే, ఉన్న ఉద్యోగం ఉందిగా" అన్నాడు భర్త. ఓదార్పుకే అన్నాడు పాపం. ఆమెకి మాత్రం ఆ మాట చావు పలకరింపులా వినబడింది. ఉన్న ఉద్యోగం అంటే ఏమిటి? ఎదురుగా మనిషి నీరసించిపోతుంటే గుమ్మంలో నిలబడి ఇంకొకరు వచ్చేదాకా కళ్ళప్పగించి చూడ్డం. రిటైరయ్యేదాకా చూడ్డం. ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అది కూడా ముందు తన కాళ్ళ మీదే వచ్చింది.

పరిస్థితి మార్చింది, ఎవరూ ఊహించని విధంగా, అత్తగారు. మోకాలి మాత్రలకని ఆసుపత్రికి వెళ్ళిన ఆవిడని మందుల కౌంటరులో మనిషి, "మీరు పిలుస్తానమ్మ అత్తగారు కదూ?" అని అడిగాడు. ఆ పేరేమిటని ఈవిడ ఆరా తీసింది. అతను నవ్వుతూ మొత్తం చెప్పాడు. అంతే. మాత్రలు కౌంటరు మీదే వదిలేసి, నొప్పి మోకాలితో బస్సెక్కి, ఇల్లు చేరేలోపు వంద దాటిన జ్వరంలా కాగిపోయింది.

"నా కోడల్ని నేనంటాను. లక్ష అంటాను. వాళ్ళెవరే అనడానికి?" అంటూ చెప్పులు గుమ్మంలో విసిరేసింది. "ఆ పుస్తకాలు కిందికి దించు. ఆ బొమ్మ ఎలా పడుకుంటుందో చెప్పు, నేను పడుకుంటాను."

"మీరా అత్తయ్యా?"

"ఏం, ముక్కు పెచ్చు ఊడిన ప్లాస్టిక్ దాని కంటే తీసిపోయానా?"

అలా మొదలైంది. కోడలు డ్యూటీ నుంచి రాగానే అత్తగారు మంచమెక్కి చావడానికి సిద్ధంగా ఉండేది. ఒక రోజు నెత్తురు పోయేది, ఒక రోజు ఊపిరాడేది కాదు, ఒక రోజు చక్కెర పడిపోయేది. ఏ జబ్బయినా ఆవిడ మూలుగు ఒకటే, ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చేంత. "స్పృహ లేని మనిషి మాట్లాడకూడదత్తయ్యా" అంటే, "నేను మాట్లాడకపోతే నువ్వు చేసే తప్పులు నీకెవరు చెబుతారే" అనేది. జబ్బు పేర్లు ఆవిడకేం తెలియవు. ఒకటే కనిపెట్టుకుని ఉండేది, కోడలి కాళ్ళని. నాడి చూడగానే ఆ కాళ్ళు తలుపు వైపు తిరిగేవి. ప్రతిసారీ తిరిగేవి. ఆమెకి తెలియకుండానే తిరిగేవి.

"ఎక్కడికే? నేనిక్కడ పోతుంటే నువ్వెక్కడికే?" అని అరిచేది అత్తగారు.

చివరికి ఒక రోజు ఆవిడ మోకాలి కట్టుగుడ్డ విప్పింది. ఒక కొస కోడలి నడుముకి, రెండో కొస మంచం కోడుకి ముడేసింది. "ఇప్పుడెళ్ళు చూద్దాం" అంది. కాళ్ళు తిరగడం, సాగే గుడ్డ సాగి వెనక్కి లాగడం, ఆమె మంచం మీద పడబోవడం, అత్తగారు "అదీ!" అనడం. బస్సు దిగి ఇంటికొచ్చిన భర్త గుమ్మంలోంచి ఈ దృశ్యం చూసి, ఎవరు ఎవర్ని కట్టేశారో అర్థంకాక, వంటగదిలోకి వెళ్ళి కూర పొయ్యి మీద పెట్టాడు.

రెండో పరీక్ష తేదీ వచ్చింది. ఆ రోజు డ్యూటీ పడింది. ఇన్‌ఛార్జమ్మ దగ్గరికి వెళితే ఆవిడ తలెత్తకుండానే, "ఆ రోజు ఆపరేషన్లు ఎక్కువ. సెలవు కుదరదు" అంది.

"సెలవు అడగడం లేదు సిస్టర్. రానని చెబుతున్నాను."

ఆవిడ తలెత్తింది. "కళ్ళు నెత్తికెక్కాయా?"

"ఇన్నాళ్ళూ నేల చూపులు చూసి మెడ పట్టేసింది సిస్టర్. నా బదులు రావడానికి ఒకరితో మాట్లాడి పెట్టాను. మీకు కోపమొస్తే పైవాళ్ళకి రాసి పంపండి, నేను వచ్చి సంజాయిషీ ఇస్తాను. పరీక్ష మాత్రం రాస్తాను."

నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది.   వెనక్కి తిరగలేదు.

అదే గది, అదే బొమ్మ, అదే మేడమ్. కార్డులో ఈసారి, రక్తం ఎక్కుతున్న మనిషి, ఈ పూట రిజిస్టర్డ్ నర్సు మీరు. ఎర్ర నీళ్ళ సంచీ స్టాండుకి వేలాడుతోంది. ఆమె నాడి చూసింది. "చలేస్తోంది సిస్టర్, నడుం విరిగిపోతోంది" అని మేడమ్ గొంతుతో బొమ్మ మూలిగింది. తెర మీద జ్వరం పైకి పాకుతోంది. ఎక్కుతున్న రక్తం ఈ ఒంటికి పడటం లేదు.

ఆమె చెయ్యి డ్రిప్ చక్రం వైపు లేచింది. లేచి, గాల్లోనే ఆగింది. ఉబ్బిన ముసలాయన చెయ్యి, వార్డంతా తిరిగి చూసిన కళ్ళు, నిన్నెవరు ముట్టుకోమన్నారు అన్న కేక, అన్నీ ఒక్కసారిగా మీదికొచ్చాయి. కుడి కాలు తలుపు వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడు, లేని కట్టుగుడ్డ ఏదో నడుముని పట్టి లాగినట్టయింది. నేనిక్కడ పోతుంటే నువ్వెక్కడికే?

కాలు వెనక్కి వచ్చింది. చక్రం తిప్పేసింది. రక్తం ఆగింది. ఆ తర్వాత చేతులు వాటంతటవే కదిలాయి. ట్యూబు మార్చి సెలైన్ పెట్టింది, సంచీ మీద పేరు, గ్రూపు మళ్ళీ సరిచూసింది, బీపీ చూసింది. బొమ్మ భుజం మీద ఒక చెయ్యి వేసే ఉంచి, రెండో చేత్తో ఫోనందుకుంది. మేడమ్ గొంతు బొంగురు చేసుకుని డాక్టరు వేషం కట్టింది. ఈమె సంగతంతా చెప్పి రమ్మంది.

"ఎవరు మాట్లాడేది? పెద్ద సిస్టర్ని పిలువు."

"ఇక్కడ పెద్ద సిస్టర్ని నేనే డాక్టర్."

"చలికి వణుకుతుంటాడు. దుప్పటి కప్పి రక్తం మళ్ళీ మొదలుపెట్టు. తర్వాత చూస్తాను."

  ఆమె జీవితంలో ఎన్నడూ ఒక డాక్టరు చెప్పిన మాట కాదనలేదు, ఉత్తుత్తి డాక్టరుదైనా సరే.

"మొదలుపెట్టను డాక్టర్. ఆపింది నేను. ఆపానని నా సంతకంతో రాస్తాను. మీరిప్పుడే వచ్చి చూడాలి. మీరు రాకపోతే మీ పైవాళ్ళకి ఫోను చేస్తాను. ఇతన్ని వదిలి నేనెక్కడికీ వెళ్ళను."

మేడమ్ మీట నొక్కింది. తెర ఆగిపోయింది. మెచ్చుకోలేదు, నవ్వలేదు. ఏదో రాసుకుని, "వెళ్ళేటప్పుడు తర్వాతి అమ్మాయిని పంపండి" అంది. ఆమె తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి, "ఈసారి కాళ్ళు కూడా పాసయ్యాయి" అని వినబడింది.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. కోడలి ముఖం చూసి సంగతి గ్రహించి, "నా మోకాలి గుడ్డ పీచు పీచైపోయింది. కొత్తది కొనిపెట్టు" అని లోపలికి వెళ్ళిపోయింది. లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుందని భర్త తర్వాత చెప్పాడు.

డిగ్రీ చేతికొచ్చి, రిజిస్టరై, మళ్ళీ అదే వార్డులో వేశారు. మొదటి పొద్దున ఇన్‌ఛార్జమ్మ గదులు పంచుతూ, "ఇప్పుడు నిన్నేమని పిలవాలి?" అంది, కొంచెం పుల్లవిరుపుగానే. "సిస్టర్ అంటే చాలు సిస్టర్" అంది ఈమె. చివరి గది ఈమెకి పడింది. తోడుగా కొత్తగా చేరిన చిన్న సిస్టర్ ఒకతె, ఇంకా యూనిఫాం మడతలు విడని పిల్ల.

మందులు తెచ్చుకోవడానికి ఈమె పక్క గదికి వెళ్ళి వచ్చేసరికి తన గదిలోంచి కేకలు వినబడుతున్నాయి. మంచం మీద ఒక పెద్దావిడ, ఉబ్బిన చెయ్యి. ఆగిపోయిన డ్రిప్. గోడకి అతుక్కుపోయి, పాలిపోయిన ముఖంతో ఆ పిల్ల. రౌండ్సుకొచ్చిన ఇన్‌ఛార్జమ్మ కళ్ళజోడు సర్దుకుని, గదంతా వినేలా అరుస్తోంది.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"నేను."

ఇన్‌ఛార్జమ్మ గిరుక్కున తిరిగింది. మందుల పళ్ళెం బల్ల మీద పెట్టి, ఈమె నడిచి వచ్చి ఆ పిల్లకీ ఆవిడకీ మధ్యన నిలబడింది. "నేనే ముట్టుకోమన్నాను సిస్టర్. ఈ గది ఈ పూట నాది. అరవాలనుంటే నా మీద అరవండి. అంతకంటే ముందు ఆ చెయ్యి చూడండి. ఆపడం తప్పో ఒప్పో చెప్పండి."

ఇన్‌ఛార్జమ్మ పెద్దావిడ చెయ్యి చూసింది. చాలాసేపు చూసింది. ఆ మూలుగు, ఆ వాపు, ఆ చక్రం ఆవిడకి ఎప్పటి సంగతైనా గుర్తొచ్చిందో లేదో చెప్పలేం. "సూది మార్చి పెట్టు" అని పక్క గదికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల గోడ వదల్లేదు. "మీరు నాకు చెప్పలేదు కదా సిస్టర్" అంది, ఏడుపు గొంతుతో.

"ఇప్పుడు చెబుతున్నాను విను. ఇలా ఉబ్బితే ముందు ఆపు. ఆపాక నన్ను పిలువు. మంచం వదలకుండా అక్కణ్ణుంచే పిలువు, నాకు వినబడుతుంది." ఆమె చేతులు కడుక్కోవడానికి తిరిగింది. "ఇటు రా, గోడ దగ్గరేం పని. పెద్దమ్మ చెయ్యి దిండు మీద ఎత్తి పట్టుకో."

పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది. పెద్దావిడ మూలుగు కొంచెం తగ్గింది. ఆమె కొత్త సూది విప్పింది.